శిక్షకుడి పూచీ: సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ ఫుట్‌బాల్ – ఒక పరిశీలన

తెలుగులో ‘బాధ్యత’, ‘పూచీ’ అన్న మాటలను పర్యాయపదాలుగానే వాడుతుంటాం. అయితే వాడుకను కొంచెం నిదానంగా గమనిస్తే ఈ రెంటి మధ్య ఒక సన్నని గీత కనిపిస్తుంది. బాధ్యతను ఒకరు మరొకరికి అప్పగించవచ్చు, ఉత్తర్వు వేసి మోపవచ్చు, వీలు చూసుకొని ఇంకొకరి మీదికి నెట్టనూవచ్చు. పూచీ అలా కాదు. ‘పూచీ పడటం’ అన్న క్రియకు కర్త ఎప్పుడూ ఆ మనిషే. అప్పు తీసుకున్నవాడు ఒకడు, పూచీ పడ్డవాడు మరొకడు. అప్పు తీరని నాడు గడప తొక్కి అడిగేది ఈ రెండోవాణ్ణి.

జట్టు ఆటల్లో శిక్షకుడి స్థితి దాదాపుగా ఇదే. బంతిని తన్నేది ఆయన కాదు, గోల్‌ను ఆపేది ఆయన కాదు. ఆట మొదలైన తరువాత గీతకు ఇవతల నిలబడి చూడటమే ఆయన చేయగలిగింది. ఓడిన తరువాత మాత్రం జవాబు చెప్పవలసింది ఆయన. ఈ స్థితిని ఒక హైదరాబాదీ ఉపాధ్యాయుడు ఎలా స్వీకరించాడు, దానికి ఆయనా ఆయన శిష్యులూ ఏం చెల్లించారు అన్నది ఈ వ్యాస విషయం. ఆ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). క్రీడాకారులు ఆయన్ని ‘రహీం సాబ్’ అనేవారు.

రహీం విజయాలను మరొకసారి వల్లించడం నా ఉద్దేశం కాదు. 1951 న్యూఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అన్నవి అందరికీ తెలిసినవే. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం తరువాత ఫుట్‌బాల్ పట్టనివారికి కూడా తెలిసాయి. ఆ చిత్రం హెల్సింకీ ఓటమితో మొదలై జకార్తా స్వర్ణంతో ముగుస్తుంది. చలనచిత్రానికి ఆ నడక సరిపోతుంది. చరిత్రకు సరిపోదు. ఓటమికీ స్వర్ణానికీ నడుమ పదేళ్ళున్నాయి. రహీం పడ్డ పూచీకి అసలైన సాక్ష్యం ఆ పదేళ్ళలోనే ఉందని నా అభిప్రాయం.

బడిపంతులు

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశాడు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది బడి ఆటల బాధ్యతను కూడా చేపట్టాడు. విశ్వవిద్యాలయ జట్టులో ఆడినవాడే గాని, ఆటగాడిగా దేశమంతా మార్మోగిన పేరు కాదు. ఈ విషయాన్ని ఆయన జీవితం రాసినవారు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఇది కీలకంగా తోస్తుంది. పేరుమోసిన ఆటగాడు శిక్షకుడైతే తన ఆటనే శిష్యుల్లో వెతుక్కుంటాడు. బడిపంతులు అలా వెతకలేడు. తరగతిలో అందరూ ఒకేలా చదవరని అతనికి మొదటి ఏడాదే తెలుస్తుంది. వెనక బల్ల పిల్లవాడు తప్పితే అది పాఠం చెప్పినవాడి లెక్కలోకి కూడా వస్తుందనీ తెలుస్తుంది.

1940లలోనే ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుండి మరణించేవరకు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచింది. స్వాతంత్ర్యం తరువాత తొలిసారి జరిగిన 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌ను ఓడించింది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి రెండేళ్ళు. ఒక ప్రభుత్వం పోయి మరొకటి వస్తున్న ఆ సంధికాలంలో నగరం పేరును దేశమంతటా గౌరవంతో పలికించిన వాటిలో ఈ పోలీసు జట్టు ఒకటి. ఇందులో ఉర్దూ ఇల్లూ తెలుగు ఇల్లూ తమిళ ఇల్లూ ఉన్నాయి. తెలుగులో రాసిన నగర చరిత్రల్లో ఈ జట్టుకు దక్కిన చోటు చాలా తక్కువ. మన సాహిత్య చరిత్ర హైదరాబాద్ ముషాయిరాలకు ఇచ్చినపాటి చోటును మన సాంఘిక చరిత్ర హైదరాబాద్ మైదానాలకు ఇవ్వలేదన్నది ఇక్కడ చెప్పక తప్పదు.

పది గోల్‌ల తరువాత

1952 జులైలో హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. మొదటి సగం ముగిసేసరికే ఐదు గోల్‌లు పడ్డాయి. భారత్ తరఫున అహ్మద్ ఖాన్ చేసిన ఒక్క గోల్ చివరి నిమిషాల్లో వచ్చింది. ఏడాది క్రితమే ఆసియా విజేతగా నిలిచిన జట్టు ఇది. శిక్షకుడు రహీం, నాయకుడు శైలేన్ మన్నా.

ఓటమికి కారణాలు చెప్పాలంటే కొరత లేదు. ఉత్తర ఐరోపా చలి, తడి నేల. మన ఆటగాళ్ళలో పలువురు అలవాటుకొద్దీ ఉత్త కాళ్ళతోనే ఆడారు. స్వదేశంలో చాలా పోటీలు తొంభై నిమిషాలకన్నా తక్కువ నిడివితో జరిగేవి కనుక పూర్తి సమయం పరుగెత్తే దమ్ము వారికి అలవడలేదు. ఎదుటి జట్టు ఆ ఒలింపిక్స్‌లోనే రజతం గెలిచింది. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. ఏ ఒక్కటీ శిక్షకుడి చేతిలో ఉన్నదీ కాదు. రహీం ఇవన్నీ ఏకరువు పెట్టి తప్పుకోగలిగేవాడు. అలా తప్పుకున్నా ఆయన్ని తప్పుపట్టేవారు ఎక్కువమంది ఉండేవారు కారు.

హెల్సింకీ తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. అది పైనుండి వచ్చిన ఉత్తర్వు. నిజానికి బూటు తొడగడం ఒక రోజు పని, బూటుతో ఆడటం కొన్నేళ్ళ పని. ఉత్త కాలికి బంతి స్పర్శ వేరు, తోలు వెనక నుండి తగిలే స్పర్శ వేరు. వేళ్ళతో బంతిని మలిపే ఆటగాడికి బూటు మొదట సంకెలలాగే ఉంటుంది. ఆ మార్పును ఉత్తర్వు తేలేదు, మైదానంలో రోజూ నిలబడే మనిషి తేవాలి.

రహీం హైదరాబాద్‌లో చేసిన పనులు ఇక్కడ గమనించదగినవి. కుర్రవాళ్ళకు ఆయన ప్రత్యేకమైన పోటీలు పెట్టించాడు. ఒక రకం పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం: బంతి అందిన ఆటగాడు దాన్ని దగ్గర ఉంచుకోకుండా వెంటనే మరొకరికి అందించాలి. మరొక రకం పోటీలో ప్రతి ఒక్కరూ తమకు చేతగాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో. ఫుట్‌బాల్ చరిత్రకారుడు నోవీ కపాడియా ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ (2017)లో హైదరాబాద్ ఆట ఎదుగుదలను వివరించేటప్పుడు రహీం పద్ధతులకు పెద్దపీట వేశాడు. నాకు వీటిలో సాంకేతికత కన్నా నైతికమైన అంశం ఎక్కువ కనిపిస్తుంది. డ్రిబ్లింగ్ అన్నది ఒంటరి విద్య. నలుగురిని తప్పించుకుపోయే కుర్రవాడికి ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. బంతి పోయినప్పుడు మాత్రం నష్టం పదకొండుమందిదీ. ‘నీ దగ్గర బంతి ఎక్కువసేపు ఉండకూడదు’ అన్న నియమం పక్కవాడు ఎక్కడ ఉన్నాడో చూడమని పిల్లవాడికి నేర్పుతుంది. చేతగాని కాలితో ఆడే పోటీ సంగతి మరీ విచిత్రం. అందులో బాగా ఆడేవాడూ అంతంతమాత్రం ఆడేవాడూ ఒకే వరుసలోకి వస్తారు. అందరూ తడబడతారు. బలహీనతను దాచుకునే వీలు ఎవరికీ ఉండదు.

ఈ పనికి పతకాలు రావు. గెలిచిన కుర్రవాళ్ళ పేర్లు ఏ రికార్డులోకీ ఎక్కవు. పది గోల్‌లు తిన్న జట్టు శిక్షకుడు తిరిగివచ్చి బడిపిల్లల ఆటను మొదటి అక్షరం నుండి దిద్దించే పనిని విడవకపోవడమే, నా దృష్టిలో, పూచీ పడటం.

ఫలితాన్ని కొలవడానికి చరిత్ర ఒక చక్కని కొలబద్దను అందించింది. 1956 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్‌లు చేశాడు. సెమీఫైనల్‌లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోల్ భారత్‌ది. చివరికి 4–1తో ఓడిపోయింది. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 3–0తో ఓడింది. నాలుగేళ్ళలో 10–1 నుండి 4–1కి రావడాన్ని పతకాల పట్టిక నమోదు చేయదు. ఆంధ్రప్రదేశ్ అవతరించి నెల తిరిగిన రోజులవి. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం ఉన్నారు. అందరూ హైదరాబాద్–సికింద్రాబాద్ మైదానాల మీద పెరిగినవారే.

బలరాం గురించి ఒక మాట. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. రోజూ హైదరాబాద్ మైదానానికి వచ్చి అభ్యాసం చేసే స్తోమత లేకపోతే రహీం సాబే సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చారని ఆయన తరువాతి కాలంలో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ఏ సంఘం పద్దుల్లోనూ ఉండని ఖర్చు అది. ఇరవై ఏళ్ళకే ఒలింపియన్ అయిన ఆ కుర్రవాడు మరుసటి ఏడాదే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. ఆయన ఒక్కడే కాదు, రహీం తయారుచేసినవారిలో పలువురు డబ్బూ పేరూ ఉన్న కలకత్తా క్లబ్బుల బాట పట్టారు. శిక్షకుడు పండించిన పంట పొరుగూరి గాదెలో పడుతూ వచ్చింది. అయినా ఆ నష్టం మధ్యనే హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58లలో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ద్రోణుడి నీడ

మన సంప్రదాయంలో విద్య నేర్పే గురువు అనగానే గుర్తుకువచ్చేది ద్రోణుడు. నన్నయ ఆదిపర్వం ద్వారా ఆ పాత్ర తెలుగువారికి సుపరిచితం. ద్రోణుడి శిక్షణలో రెండు ఘట్టాలు ప్రసిద్ధాలు: చెట్టు మీది పక్షిని గురిచూడమన్న పరీక్ష, ఏకలవ్యుడి బొటనవేలు. రెండూ ఒక్క శిష్యుణ్ణి అద్వితీయుణ్ణి చేయాలన్న పట్టుదల నుండి వచ్చినవే. పక్షి కన్ను తప్ప మరేదీ కనిపించని అర్జునుడు నెగ్గాడు; చెట్టునూ కొమ్మనూ పక్కన ఉన్న అన్నదమ్ములనూ చూసినవారు ఓడిపోయారు. అర్జునుడికి ఇచ్చిన మాట నిలబెట్టడానికి ఏకలవ్యుడి వేలు పోయింది. నిబద్ధత అంటే ఇదేనని ఒప్పుకోవలసిందే. ద్రోణుడి నిబద్ధతను శంకించనక్కరలేదు. అడగవలసింది, ఆ నిబద్ధత ఖర్చు ఎవరి పద్దులో పడింది అని.

ఫుట్‌బాల్ శిక్షకుడికి ద్రోణుడి మార్గం పనికిరాదు. పక్షి కన్ను ఒక్కటే చూసేవాడు ఆ ఆటలో నష్టం తెస్తాడు. అన్నదమ్ములు ఎక్కడ నిలబడ్డారో చూసినవాడే కావాలి. రహీం డ్రిబ్లింగ్ నిషేధపు పోటీ ఒక విధంగా ద్రోణ పరీక్షను తలకిందులు చేసింది. అలాగని జట్టు శిక్షకుడు బొటనవేలి సమస్యను తప్పించుకోలేడు. పదకొండుమందిని ఎన్నుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు బయట ఉండిపోతారు. 1960 రోమ్ ఒలింపిక్ బృందంలో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు. తండ్రే శిక్షకుడైన జట్టులో కొడుకు ఉండటం ఇద్దరికీ సుఖమైన స్థితి కాదు. తీసుకుంటే ఒక మాట, తీసుకోకపోతే ఒక మాట. ఆ రోమ్‌లో భారత్ హంగరీతో 2–1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1–1గా నిలిచి, పెరూతో 3–1తో ఓడి వెనుదిరిగింది. ఫ్రాన్స్‌తో ఆటలో చివరిదాకా ఆధిక్యంలో ఉండి చేజార్చుకున్న గెలుపు ఆ తరం క్రీడాకారులకు చాలాకాలం ముల్లులా గుచ్చుకుంది.

జకార్తా

1962 ఆగస్టులో జకార్తాకు వెళ్ళేసరికి రహీం ఆరోగ్యం చెడింది. మరుసటి ఏడాది ఆయన్ని బలిగొన్నది క్యాన్సర్. జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. తరువాత థాయిలాండ్‌పై 4–1, జపాన్‌పై 2–0తో గెలిచి సెమీఫైనల్‌కు చేరింది. అక్కడ దక్షిణ వియత్నాంపై 3–2. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ దక్షిణ కొరియా.

మైదానం బయట పరిస్థితి అంతకన్నా జటిలం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆతిథ్య దేశం క్రీడలకు దూరంగా ఉంచడాన్ని భారత క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ బహిరంగంగా విమర్శించడంతో ఇండోనేషియా ప్రజల కోపం భారత బృందం మీదికి తిరిగింది. ఫైనల్ రోజున దాదాపు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలిచేస్తూ ఉన్నారు. ఎవరో అధికారి అన్న మాటకు ఆటగాళ్ళు మూల్యం చెల్లిస్తున్న సందర్భమది.

ఫైనల్ ముందు రహీం జట్టును కూర్చోబెట్టి తనకొక కానుక కావాలనీ, ఆ కానుక స్వర్ణమనీ అన్నట్టు ఆ జట్టువారి జ్ఞాపకాల్లో నిలిచింది. చెప్పేవారిని బట్టి మాటలు కొంచెం మారుతుంటాయి, సారాంశం ఒకటే. పత్రికలు రహీంను తలుచుకున్నప్పుడల్లా ఈ ఘట్టంతోనే ముగిస్తాయి. కదిలించే ఘట్టమే. కాని ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. గురువు శిష్యులను కానుక అడగడమంటే మన సంప్రదాయంలో గురుదక్షిణే. దక్షిణ అడిగిన క్షణాన శిష్యుడు ‘వీలుకాదు’ అనలేడు. ఆ జట్టులో థాయిలాండ్‌తో ఆటలో తల పగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ ఉన్నాడు. జ్వరం నుండి ఇంకా తేరుకోని గోల్‌కీపర్ తంగరాజ్ ఉన్నాడు. వీరిద్దరూ ఫైనల్ ఆడారు.

జర్నైల్ ఆ కాలపు ఆసియాలోకెల్లా గొప్ప డిఫెండర్లలో ఒకడు. గాయం తరువాత సెమీఫైనల్ నుండి రహీం ఆయన్ని వెనక నుండి ముందుకు మార్చి ఫార్వర్డ్‌గా ఆడించాడు. మధ్య రక్షణ అరుణ్ ఘోష్ చూసుకున్నాడు. జర్నైల్‌కు యువకుడిగా ఉన్నప్పుడు ఫార్వర్డ్‌గా ఆడిన అనుభవం ఉంది. ఆయన సెమీఫైనల్‌లో ఒక గోల్, ఫైనల్‌లో మరొకటి చేశాడు. ఫైనల్ తొలి గోల్ పి.కె. బెనర్జీది. చివరి నిమిషాల్లో కొరియా ఒక గోల్ చేసినా భారత్ 2–1తో గెలిచింది. ఈ మార్పును వ్యూహ చాతుర్యంగా అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. అయితే తల మీద కుట్లున్న మనిషి ఫార్వర్డ్‌గా ఆడినా, డిఫెండర్‌గా ఆడినా బంతిని తలతో కొట్టక తప్పదు. నేటి ఏ జట్టు వైద్యుడూ దీనికి సమ్మతించడు.

ఇది ఏకలవ్యుడి వేలేనా? కాదని నా ఉద్దేశం. కారణం గెలుపు కాదు. గెలిచింది కాబట్టి సరి అంటే, ఓడి ఉంటే తప్పు అనవలసివస్తుంది. ఏకలవ్యుడి వేలు మరొకరి కీర్తి కోసం పోయింది. జర్నైల్ తనదైన జట్టులో, తన పేరు మీద ఆడాడు. ఆ కాలపు ఫుట్‌బాల్‌లో ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చే వెసులుబాటు సాధారణంగా లేదు కనుక, గాయపడ్డవాణ్ణి దింపిన శిక్షకుడు జట్టు మొత్తాన్ని పణంగా పెడుతున్నాడన్నమాట; మధ్యలో అతడు కూలితే పదిమందితో ఆడవలసిందే, ఆ నింద శిక్షకుడిదే. పైగా అడుగుతున్నవాడి ఒళ్ళు కూడా అప్పటికే తాకట్టులో ఉంది. ఈ మూడూ ఒప్పుకున్నా రహీంను పూర్తిగా విముక్తుణ్ణి చేయలేం. నిబద్ధత లక్ష్యం వైపు చూస్తుంది, పూచీ మనిషి వైపు చూస్తుంది. హైదరాబాద్ బడి మైదానాల్లో ఆ రెండూ ఒకటిగా నడిచాయి. జకార్తాలో ఒక సాయంత్రం విడివడ్డాయి. రహీం లక్ష్యాన్ని ఎంచుకున్నాడు. ఆయన్ని మహానుభావుడిగా చిత్రించే రచనలు ఈ చీలికను చూడవు, చూపవు.

ఎవరి పద్దు?

1963 జూన్ 11న రహీం మరణించాడు. జకార్తా స్వర్ణం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మరో స్వర్ణం గెలవలేదు. 1970 బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. హైదరాబాద్ ఫుట్‌బాల్ కూడా తరువాతి దశాబ్దాల్లో పలచబడింది. రహీంతోనే అంతా పోయిందని సులువుగా అనేస్తారు. అలా అనడంలో ఆయన పట్ల భక్తి ఉంది గాని, సంస్థల పట్ల అనవసరమైన దయ కూడా ఉంది.

ఆలోచిస్తే, రహీం చేసిన పనుల్లో అధికభాగం ఒక్క మనిషి చేయవలసినవి కావు. కుర్రవాళ్ళకు పోటీలు పెట్టడం సంఘం పని. పేద ఆటగాడి ప్రయాణ ఖర్చు ఎవరో ఒక సంస్థ భరించవలసింది. గాయపడ్డవాడు ఆడవచ్చా లేదా అన్నది వైద్యుడు తేల్చవలసింది. అప్పుడు కానుక అడిగినా జర్నైల్‌కు కాదనే దారి ఉండేది. ఇవన్నీ ఒక బడిపంతులు తన మీద వేసుకున్నాడు. ఆయన పూచీ పడ్డకొద్దీ పైవారికి బాధ్యత తప్పింది. పూచీదారు మంచివాడైతే అప్పు తీసుకున్నవాడు నిశ్చింతగా ఉన్నట్టే. 1963లో పూచీదారు పోయాడు. ఆ పద్దును పేరు మార్చి రాసుకోవడానికి సంస్థలు ముందుకు రాలేదు. చేతగాని కాలి పోటీల వంటివి వ్యవస్థగా పాదుకోకుండా పోవడానికి ఇదే మూలకారణమని నేననుకుంటాను. వ్యక్తిగత బాధ్యతను పొగిడేటప్పుడు మనం సాధారణంగా మరిచిపోయే పార్శ్వమిది.

శిష్యుల్లో మాత్రం ఆ పద్ధతి కొంత మిగిలింది. పి.కె. బెనర్జీ పేరున్న శిక్షకుడై, ఆటకు ముందు మాటలతో జట్టును లేపే నేర్పుకు ప్రసిద్ధుడయ్యాడు. 1970 కాంస్య జట్టు శిక్షణలో ఆయన చేయి ఉంది. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాద్ మైదానాల మీద ఎదిగినవాడు. హకీంకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది. శిక్షకులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పురస్కారం 1985లో మొదలైంది. దానికి ద్రోణాచార్యుడి పేరు పెట్టారు. రహీం పోయి అప్పటికి ఇరవై రెండేళ్ళు. 1990లో ఆ పురస్కారాన్ని నయీముద్దీన్ అందుకున్నాడు.